మూడుల్ లాగ్స్‌తో పిల్లల చదువు అర్థమవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జనగామ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మూడేళ్లుగా పాఠాలు చెప్తున్న మేడమ్ అడిగిన ప్రశ్న ఇది. కాలేజీలో మూడుల్ (పాఠాలు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టి రెండు సెమిస్టర్లయింది, లాగ్స్ అన్నీ, అంటే ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో ఆ రికార్డులన్నీ ఉన్నాయి. ఎవరు ఎంత నేర్చుకుంటున్నారో చూపించే డ్యాష్‌బోర్డు చేయమని ప్రిన్సిపాల్ గారు అడిగారట. లాగిన్లు, క్లిక్కులు, వీడియో చూసిన సమయం తీసుకొని మెషిన్ లెర్నింగ్ మోడల్ (పాత డేటా చూసి అంచనా వేయడం నేర్చుకునే ప్రోగ్రాం) కడితే మిడ్ పరీక్షలో ఎవరు తప్పుతారో ముందే తెలుస్తుందా అని అడిగారు.

కొంత తెలుస్తుంది మేడమ్. కానీ మీరు మొదలుపెట్టబోయే చోట మొదలుపెడితే ఒక సెమిస్టర్ వృథా అవుతుంది, ఒకరిద్దరు పిల్లలకు అన్యాయం కూడా జరగొచ్చు. రెండూ నా చేతుల మీద జరిగాయి కాబట్టి ఇంత పెద్ద జవాబు రాస్తున్నా. నేను హనుమకొండలో బీటెక్ మొదటి సంవత్సరానికి బేసిక్ ఎలక్ట్రికల్ చెప్తాను. 12 ఏళ్లుగా మా కాలేజీ మూడుల్ సర్వర్ కూడా నేనే చూసుకుంటున్నాను.

ముందుగా లాగ్స్ టేబుల్ మూసేయండి. క్విజ్ రిపోర్టు తెరవండి. అందులోనూ మార్కులు చూడొద్దు, ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో చూడండి. పిల్లల బుర్రలో ఏం జరుగుతోందో మీ దగ్గరున్న డేటా అంతటిలోకీ స్పష్టంగా చెప్పేది తప్పు జవాబే.

మా క్విజ్‌లో ఉన్న ప్రశ్ననే తీసుకుందాం. 6 ఓములు, 3 ఓముల రెసిస్టర్లు రెండు ప్యారలల్‌లో ఉన్నాయి, మొత్తం ఎంత? ఆప్షన్లు 9, 4.5, 2, 0.5. సరైన జవాబు 2. ఇక తప్పులు చూడండి. 9 పెట్టినవాడు రెండూ కూడేశాడు, వాడికి సిరీస్‌కూ ప్యారలల్‌కూ తేడా తెలియదు. 4.5 పెట్టినవాడు సగటు తీశాడు, వాడు క్లాసులో లేడో, ఉన్నా వినలేదో. 0.5 పెట్టినవాడికి ఫార్ములా వచ్చు. ఆరులో ఒకటో వంతు, మూడులో ఒకటో వంతు కలిపితే అర. అంతవరకు లెక్క తప్పు లేకుండా చేశాడు, చివర్లో దాన్ని తిరగేయడం మరిచిపోయాడు. మార్కుల పట్టికలో ఈ ముగ్గురికీ సున్నానే. జబ్బు మాత్రం ముగ్గురిదీ వేరు, మందు కూడా వేరే ఇవ్వాలి.

ఆ ప్రశ్నకు మా క్లాసులో మార్కులు బాగా తక్కువ వచ్చిన ఏడాది నేను జవాబులు చూడకుండా గంటసేపు ప్యారలల్ సర్క్యూట్లు మళ్లీ మొదటి నుంచి చెప్పాను. సగం మంది ఆవలించారు. తరవాత రిపోర్టు తీస్తే తప్పు పెట్టినవాళ్లలో ఎక్కువ మంది 0.5 దగ్గరే ఉన్నారు. వాళ్లకు కావలసింది ఐదు నిమిషాల మాట, నేను ఇచ్చింది గంట.

మరుసటి ఏడాది ఇంకో సంగతి బయటపడింది. మొత్తం రెసిస్టెన్స్ ఎప్పుడూ చిన్న రెసిస్టర్ కన్నా తక్కువే ఉంటుందని, జవాబు వచ్చాక దాంతో సరిచూసుకోండని పిల్లలకు చెప్పాను. క్విజ్ పెడితే 9, 4.5 దాదాపు పోయాయి. 0.5 మాత్రం కదల్లేదు. ఎందుకు కదులుతుంది? 0.5 కూడా 3 కన్నా తక్కువే కదా. నేను నేర్పిన కిటుకే వాళ్లకు తప్పు జవాబు మీద ధైర్యం ఇచ్చింది. ఆ పట్టిక ముందు కూర్చున్నాకే నాకు తట్టింది: రెండు రెసిస్టర్లే ఉన్నప్పుడు జవాబు చిన్నదాని కన్నా తక్కువగానూ, చిన్నదాంట్లో సగానికి తగ్గకుండానూ ఉండాలి. అంటే ఇక్కడ 1.5కూ 3కూ మధ్య. ఆ రెండో హద్దు కూడా చెప్పడం మొదలుపెట్టాను. వచ్చిన 0.5 ఓములు కాదు, మో అని, అది కండక్టెన్స్ అని యూనిట్ రాయించడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. నా పాఠం మారింది. డేటా వల్ల ముందుగా జరగాల్సిన మేలు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. పిల్లవాణ్ని అంచనా కట్టే ముందు మన పాఠాన్ని అంచనా కట్టుకోవాలి.

దీనికి మెషిన్ లెర్నింగ్ అక్కర్లేదు. మూడుల్ క్విజ్‌లో స్టాటిస్టిక్స్ అనే రిపోర్టు ఉంటుంది, చాలామంది దాన్ని తెరిచి చూడరు. అందులో రెండు అంకెలు చూస్తే చాలు. ఒకటి ఫెసిలిటీ ఇండెక్స్. 60 మందిలో 24 మంది సరిగా పెడితే 40 శాతం, అంతే దాని అర్థం. రెండోది డిస్క్రిమినేషన్ ఇండెక్స్. క్విజ్ మొత్తం మీద బాగా రాసినవాళ్లు ఈ ప్రశ్న కూడా బాగా రాశారా, లేక ఇక్కడ తలకిందులైందా అని చెప్పేది అది. అది సున్నా దగ్గరికి వచ్చినా, మైనస్‌లోకి వెళ్లినా పిల్లల మీద అనుమానపడకండి. ముందు మీ కీ, అంటే సరైనవని మీరు పెట్టుకున్న జవాబులు చూసుకోండి.

మాకు ట్రాన్స్‌ఫార్మర్ చాప్టర్‌లో అలా వచ్చింది. 'ట్రాన్స్‌ఫార్మర్‌కు డీసీ సప్లై ఇస్తే ఏమవుతుంది?' అని అడిగి, 'సెకండరీలో వోల్టేజీ రాదు' అన్నదాన్ని కీలో పెట్టాం. ఇంకో ఆప్షన్ 'ప్రైమరీ వైండింగ్ కాలిపోవచ్చు'. క్లాసులో బాగా చదివే పిల్లలు చాలామంది ఆ రెండోది పెట్టారు. వాళ్లు చెప్పిందీ నిజమే. ఫ్లక్స్ మారదు కాబట్టి ప్రైమరీలో ఎదురు వోల్టేజీ పుట్టదు, కరెంటు విపరీతంగా పెరిగి వైండింగ్ వేడెక్కుతుంది. ఒక అడుగు ముందుకు ఆలోచించినవాళ్లకే మార్కు కోశాం. ఆ ప్రశ్నకు ఇండెక్స్ మైనస్‌లో కనపడకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. రెండు జవాబులకూ మార్కు ఇచ్చాం, ప్రశ్న తిరగరాశాం.

ఒక జాగ్రత్త చెప్పాలి. పిల్లలు క్విజ్ ఎన్నిసార్లయినా రాయొచ్చని మీరు పెట్టి ఉంటే, ఈ లెక్కలన్నీ మొదటి ప్రయత్నం మీదే చేయండి. ఎందుకో ఒక పిల్లవాడి సంగతి చెప్తే తెలుస్తుంది. మా డ్యాష్‌బోర్డులో అందరికన్నా పచ్చగా వెలిగిన పేరు అతనిదే. రోజూ లాగిన్, క్లిక్కులు వందల్లో. లాగ్ వరుసగా తీసి చదివితే ఒకే క్విజ్ 14 సార్లు రాశాడు. మొదటిసారి ఏదో ఒకటి పెట్టి సబ్మిట్ చేసి, చూపించిన కీని ఫోటో తీసుకున్నాడు. తరవాతి ప్రయత్నాల్లో పది ప్రశ్నలూ 40 సెకన్లలో అయిపోయాయి. పది ప్రశ్నలు చదవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. మిడ్‌లో ప్రశ్న కాస్త తిప్పి అడిగితే పెన్ను కదల్లేదు. పిల్లలు సిస్టమ్‌ను ఇలా వాడుకోవడం మీద రయాన్ బేకర్ అనే పరిశోధకుడి బృందం 2004 నుంచి రాస్తూనే ఉంది. తప్పు ఆ అబ్బాయిదని నేను అనను. క్విజ్‌ను అలా అమర్చింది మేమే. క్వశ్చన్ బ్యాంకు నుంచి ప్రతిసారీ వేరే ప్రశ్న వచ్చేలా పెట్టాం. రెండు ప్రయత్నాల మధ్య ఒక రోజు విరామం పెట్టాం, మూడుల్ సెట్టింగుల్లోనే అది ఉంది. సబ్మిట్ చేయగానే కీ కాకుండా, ఆ తప్పు ఎందుకు వస్తుందో చెప్పే రెండు వాక్యాలు కనపడేలా రాశాం. ఆ రెండు వాక్యాలు రాయడం పెద్ద పనే, సెలవుల్లో కూర్చొని రాయాల్సిందే.

ఇప్పుడు లాగ్స్ సంగతి. 2014లో వచ్చిన మూడుల్ 2.7 నుంచి స్టాండర్డ్ లాగ్ టేబుల్‌లో ప్రతి ఈవెంట్ ఒక వరుసగా రికార్డవుతుంది: ఎవరు, ఏ కోర్సు, ఏం తెరిచారు, ఎప్పుడు, వెబ్ నుంచా యాప్ నుంచా. డిస్క్ నిండుతోందని కొందరు అడ్మిన్లు పాత లాగ్స్ చెరిగిపోయేలా పెడతారు, మీ సర్వర్‌లో అలా ఉందేమో ఈ రోజే చూసుకోండి.

అందులో సమయం సెకన్ల లెక్కలో, యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) ఉంటుంది. మన టైముకు తేవాలంటే 19,800 సెకన్లు కలపాలి, అంటే ఐదున్నర గంటలు. ఆ కలపడం మరిచిపోయి మేము వేసిన మొదటి గ్రాఫులో పిల్లలు సాయంత్రం 6 గంటలకు బాగా చదువుతున్నట్టు వచ్చింది. స్టాఫ్ మీటింగులో చూపించాం కూడా. అసలు ఆ శిఖరం రాత్రి పదకొండున్నరది. అసైన్‌మెంట్ గడువు 11:59కి పెట్టాం కాబట్టి అందరూ అప్పుడే వచ్చి పడుతున్నారు. గ్రాఫులో కనపడింది పిల్లల అలవాటు కాదు, మేము పెట్టిన గడువు. గడువును సాయంత్రం 5కి మార్చగానే శిఖరం కూడా దాని వెంటే జరిగింది.

వీడియో చూసిన సమయం, చదివిన సమయం అన్నారు కదా, అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. లాగ్‌కు వచ్చిన సంగతి తెలుసు, వెళ్లిన సంగతి తెలియదు. 10:05కి పీడీఎఫ్ తెరిచాడు, 10:47కి ఇంకో పేజీ తెరిచాడు. మధ్యలో 42 నిమిషాలు చదివాడా, అన్నానికి వెళ్లాడా? 30 నిమిషాలు దాటితే సెషన్ అయిపోయినట్టు లెక్కేద్దామని కొందరు, గంట అని కొందరు. ఆ హద్దు మారిస్తే మొత్తం ఫలితాలే మారిపోతాయని 2015లో జర్నల్ ఆఫ్ లెర్నింగ్ అనలిటిక్స్‌లో ఒక పరిశోధన వచ్చింది. మీరు ఏ హద్దు పెట్టుకున్నా, రెండు మూడు హద్దులతో లెక్క చేసి చూడండి. హద్దు మార్చినప్పుడు తలకిందులయ్యే ఫలితాన్ని ఎవరికీ చూపించకండి.

అసలు చెప్పాలనుకున్న సంగతి ఇప్పుడు చెప్తాను.

డ్యాష్‌బోర్డు పెట్టిన మొదటి ఏడాది లాగిన్లను బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పెట్టాం. ఒక అమ్మాయి వరుసగా నాలుగు వారాలు ఎరుపులో ఉంది. వారానికి ఒక్కటే లాగిన్. నేను ఆ ఎరుపు జాబితా క్లాస్ ఇన్‌చార్జికి పంపాను. వాళ్లు జాబితాలో ఉన్న ఇళ్లన్నిటికీ ఫోన్లు చేశారు. ఆ అమ్మాయిది ఏటూరునాగారం వైపు పల్లె. పత్తి ఏరే రోజులవి. రెండో రోజు పొద్దున్నే వాళ్ల నాన్న మొదటి బస్సుకు వచ్చి స్టాఫ్ రూము బయట నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. 'నా బిడ్డ సదువుతలేదా సారూ?' అన్నాడు.

అమ్మాయిని పిలిపించాను. తల దించుకొని చెప్పింది: 'హాస్టల్ల నెట్ ఉండది సార్. శనివారం లైబ్రరీల వైఫై పెట్టుకొని వారం పాఠాలన్నీ దించుకుంట. రాత్రిపూట రూంల సదువుకుంట.' నోట్‌బుక్ తెమ్మన్నాను. ప్రతి సర్క్యూటూ స్కేలుతో గీసి ఉంది, ఒక్కో లెక్క రెండు పద్ధతుల్లో చేసి ఉంది. నోడల్‌తో ఒకసారి, మెష్‌తో ఒకసారి, రెండు జవాబులూ కలిశాయని పక్కన చిన్న టిక్కు. మా ఆకుపచ్చ జాబితాలో అలాంటి నోట్‌బుక్ ఒక్కటి కూడా లేదు. మిడ్‌లో ఆ అమ్మాయికి మంచి మార్కులు వచ్చాయి. అయినా ఆ తండ్రి పోగొట్టుకున్న రోజు కూలి, ఆ కారిడార్‌లో నిలబడ్డ పావుగంట తిరిగి రావు. అవి నేను పంపిన ఎక్సెల్ షీటు వల్ల పోయాయి.

లాగ్‌లో ఉన్నది వైఫై లెక్క, ఫోను లెక్క. చదువు నీడ దాని మీద కొంచెం పడుతుంది, అంతే. ఒకే ఫోను అక్కాచెల్లెళ్లు ఇద్దరు వాడితే ఇద్దరి లెక్కా తప్పుతుంది. ఒకడు దించుకున్న పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పడితే మిగతా 59 మందీ సున్నా. 2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లలకు పాఠాలు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో మొదలైన రోజులు గుర్తు చేసుకోండి. మా పక్కింటి పిల్ల రోజూ టీవీ ముందు పలక పట్టుకొని కూర్చునేది. ఆ పిల్ల నేర్చుకున్నదాంట్లో ఏ సర్వర్‌లోనూ ఒక్క వరుస కూడా పడలేదు.

ఇంకోటి, మన ప్రాంతానికి సంబంధించింది. మీరు 2023 డేటాతో మోడల్ నేర్పి 2024లో వాడితే ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా ఏం జరుగుతుంది? మేడారం జాతర. రెండేళ్లకోసారి వస్తుంది, 2023లో లేదు. ములుగు, భూపాలపల్లి, నర్సంపేట వైపు పిల్లలు ముందు వెనక రోజులు కలిపి వారం దాకా సిస్టమ్‌లో కనపడరు. జాతర సంగతి తెలియని మోడల్ ఆ పిల్లలందరినీ చదువు మానేస్తున్నవాళ్లుగా లెక్కేస్తుంది. బతుకమ్మ, దసరా రోజులైతే ఏటా వస్తాయి కానీ తేదీలు మారతాయి. మీ డేటా పక్కన పండగలు, మిడ్ తేదీలు, కరెంటు, సర్వర్ ఆగిన రోజులు రాసుకున్న ఒక చిన్న క్యాలెండర్ ఫైలు పెట్టుకోండి. మోడల్ ఏదైనా సరే, ఆ ఫైలు లేకుండా దాని మాట నమ్మకండి.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లల విషయం కూడా దీనికి దగ్గరిదే. ఒక్కో ప్రశ్నకు ఎంత సమయం పట్టిందో చూసినప్పుడు కొందరు మూడు లైన్ల ఇంగ్లిష్ ప్రశ్నల దగ్గర చాలాసేపు ఆగిపోవడం కనపడింది. అంకెలు మాత్రమే ఉన్న ప్రశ్నలు మాత్రం అందరితో సమానంగా చేస్తున్నారు. సబ్జెక్టులో వెనకబడ్డారని అంతకుముందు మేము అనుకున్న పిల్లలే వీళ్లు. ప్రశ్న కింద తెలుగులో ఒక వాక్యం పెట్టాక ఆ ఆగిపోవడం తగ్గింది. మీరూ ఈ పోలిక చేయండి: మాటలు ఎక్కువ ఉన్న ప్రశ్నలు ఒక గుంపు, అంకెలే ఉన్నవి ఒక గుంపు. సగటు తీయకండి, మధ్య విలువ (మీడియన్) తీయండి. క్విజ్ తెరిచి పెట్టి టీ తాగడానికి వెళ్లిన ఒక్కడు సగటునంతా పాడుచేస్తాడు.

ఇక మీరు అడిగిన మోడల్. కట్టొద్దని చెప్పను, కానీ మూడు విషయాలు చూసుకోండి.

నాలుగో వారంలో హెచ్చరిక ఇవ్వాలంటే నాలుగో వారం వరకు ఉన్న డేటాతోనే నేర్పాలి. సెమిస్టర్ మొత్తం క్లిక్కులతో నేర్పి 'ముందే చెప్పాం' అనేవాళ్లను చాలామందిని చూశాను. మధ్యలో మానేసినవాడికి క్లిక్కులు తక్కువుంటాయి, అది చెప్పడానికి మోడల్ ఎందుకు?

రెండోది ఖచ్చితత్వం. 100 మందిలో 12 మంది తప్పారనుకోండి. అందరూ పాస్ అని కళ్లు మూసుకొని చెప్పినా 88 శాతం సరైనట్టే. మీ మోడల్ 88 శాతం సాధించిందని స్లయిడు వేస్తే అది ఏమీ చెప్పనట్టే. ఆ 12 మందిలో ఎంతమందిని పట్టుకుంది, పట్టుకున్నవాళ్లలో ఎంతమంది నిజంగా తప్పారు అన్న రెండు అంకెలు వేరువేరుగా రాయండి.

మూడోది, ఒక సబ్జెక్టుకు నేర్పిన మోడల్‌ను ఇంకోదానికి వాడకండి. ఆస్ట్రేలియాలో ఒక యూనివర్సిటీలో 9 కోర్సుల మీద చేసిన పరిశోధన 2016లో వచ్చింది. ఒక కోర్సులో ఫలితాన్ని పట్టిచ్చే క్లిక్కు ఇంకో కోర్సులో దేనికీ పనికిరాలేదు. మా దగ్గరే తీసుకోండి: సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఫోరమ్ చూసేవాళ్లు వేరు, డ్రాయింగ్‌లో అసలు ఫోరమే లేదు.

మీ ప్రిన్సిపాల్ గారికి చూపించడానికి పర్డ్యూ యూనివర్సిటీ కథ బాగుంటుంది. అమెరికాలో ఆ యూనివర్సిటీ 2007 ప్రాంతం నుంచి కోర్స్ సిగ్నల్స్ అని, చదువు ఎలా సాగుతోందో పిల్లలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపించే ట్రాఫిక్ లైట్ల పద్ధతి పెట్టింది. ఈ లైట్లు ఉన్న కోర్సులు రెండో, అంతకన్నా ఎక్కువో తీసుకున్న పిల్లలు చదువు మానేయకుండా నిలబడుతున్నారని గట్టిగా ప్రచారమైంది. 2013లో కొందరు ఆ లెక్కను తిరగేసి చూశారు. ఎక్కువ ఏళ్లు నిలిచిన పిల్లలకే ఎక్కువ కోర్సులు తీసుకునే వీలుంటుంది కదా. లైట్ల వల్ల నిలిచారా, నిలిచారు కాబట్టి లైట్లు ఎక్కువ చూశారా? ఆ ప్రశ్నకు పాత లెక్క నిలబడలేదు. మీ డ్యాష్‌బోర్డు చూసిన పిల్లలకు మార్కులు ఎక్కువ వచ్చాయని రేపు ఎవరైనా అంటే ఈ కథ గుర్తు చేయండి.

మోడల్ చేయి తిరగడానికి మీ పిల్లల డేటా మీదే ప్రయోగాలు చేయనక్కర్లేదు. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 32,593 మంది విద్యార్థుల డేటాను పేర్లు తీసేసి 2017లో అందరికీ ఇచ్చింది. 7 కోర్సులు, 22 బ్యాచులు, రోజువారీ క్లిక్కులు, అసైన్‌మెంట్ మార్కులు, చివరి ఫలితం అన్నీ ఉన్నాయి. ఒక నెల దాని మీద కుస్తీ పట్టండి.

నన్నడిగితే క్లిక్కుల మోడల్ కన్నా నాలెడ్జ్ ట్రేసింగ్ నేర్చుకోవడం మీకు ఎక్కువ పనికొస్తుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కార్బెట్, ఆండర్సన్ అనే పరిశోధకులు 1990ల మధ్యలో తెచ్చిన పద్ధతి. ఆలోచన మన టీచర్లందరి బుర్రలో ఉన్నదే. సరైన జవాబు వచ్చినంత మాత్రాన పిల్లవాడికి వచ్చినట్టు కాదు, గుడ్డిగా టిక్కు పెట్టి ఉండొచ్చు. తప్పు వచ్చినంత మాత్రాన రానట్టూ కాదు, తొందరలో జారి ఉండొచ్చు. దాన్నే అంకెల్లో పెడతారు. ఉదాహరణకు, ప్యారలల్ సర్క్యూట్ ఈ అబ్బాయికి వచ్చి ఉండే అవకాశం మొదట 40 శాతం అనుకుందాం. నాలుగు ఆప్షన్లు కాబట్టి గుడ్డిగా తగిలే అవకాశం 25 శాతం, తెలిసీ జారే అవకాశం 10 శాతం. ఒక ప్రశ్న సరిగా పెట్టాడు. వచ్చి సరిగా పెట్టే లెక్క 0.4ను 0.9తో గుణిస్తే 0.36. రాకుండా తగిలే లెక్క 0.6ను 0.25తో గుణిస్తే 0.15. 0.36ను రెండూ కలిపిన 0.51తో భాగిస్తే సుమారు 70 శాతం. అలాంటిదే ఇంకో ప్రశ్న కూడా సరిగా పెడితే 90 దగ్గరికి వెళ్తుంది. చదువుతూ పోయే కొద్దీ నేర్చుకునే అవకాశాన్ని కూడా అసలు పద్ధతిలో ప్రతి మెట్టు దగ్గరా కలుపుతారు. ఈ లెక్క పట్టుబడితే ఒక విషయం వెంటనే తెలుస్తుంది: ఒక్క ప్రశ్నతో ఏదీ తేలదు, ఒక్కో అంశానికి కనీసం మూడు నాలుగు ప్రశ్నలు ఉండాలి. మీ క్వశ్చన్ బ్యాంకులో ప్రతి ప్రశ్నకూ అది ఏ అంశానిదో ట్యాగ్ వేయడం ఈ వారమే మొదలుపెట్టండి. మోడల్ తరవాత ఎప్పుడైనా వస్తుంది, ట్యాగులు లేకపోతే ఎప్పటికీ రాదు.

పిల్లల వివరాల సంగతి గట్టిగా చెప్పాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది, వాళ్ల ప్రవర్తనను ట్రాక్ చేయడం మీద ఆంక్షలు పెట్టింది. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులున్నాయి, అవి మీ పనికి ఎంతవరకు వర్తిస్తాయో కాలేజీ న్యాయ సలహాదారును అడగండి. బీటెక్ మొదటి సంవత్సరంలో చేరేటప్పుడు 17 ఏళ్ల పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు, ఈ మాట స్టాఫ్ మీటింగుల్లో ఎవరికీ గుర్తుండదు. చట్టం సంగతి అటుంచినా, పేరు తీసేసి హాల్ టికెట్ నంబరు ఉంచితే ఏం దాచినట్టు? ఆ నంబరు చూస్తేనే చేరిన సంవత్సరం, కాలేజీ, బ్రాంచి, లేటరల్ ఎంట్రీయో కాదో తెలిసిపోతుంది. దాని బదులు ఏ అర్థమూ లేని అంకె ఇవ్వండి, రెండిటినీ కలిపే ఫైలు ఒక్కరి దగ్గరే ఉండాలి. ఊరు, కులం, ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలమ్‌లు మోడల్‌కు ఇవ్వొద్దు. ఫలానా ఊరి పిల్లలు, ఫలానా వర్గం పిల్లలు తప్పుతారని ఒక యంత్రం చేత అనిపించి దాన్ని మార్కుల పట్టిక పక్కన పెట్టడం నాకు ఏ రకంగానూ సమ్మతం కాదు.

లాగిన్లకు ఇంటర్నల్స్‌లో మార్కులు కలపమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మేము ఒక సెమిస్టర్ కలిపాం. లాగిన్లు పెరిగాయి, మిడ్ మార్కులు ఉన్నచోటే ఉన్నాయి. పైగా ఆ రోజు నుంచి లాగ్‌లో ఉన్న కాస్త సమాచారం కూడా పోయింది, ఎందుకంటే అందరూ మార్కు కోసమే లాగిన్ అయ్యారు.

ప్రిన్సిపాల్ గారు డ్యాష్‌బోర్డు అడిగారు కాబట్టి ఏదో ఒకటి చూపించాలి, నిజమే. ఒక్క పేజీ చేయండి. పైన ఈ వారం క్విజ్‌లో బాగా కష్టమైన మూడు ప్రశ్నలు, ఒక్కోదానికి ఎక్కువ మంది పెట్టిన తప్పు జవాబు, దాని మీద క్లాసులో ఏం చేశారో ఒక లైను. కింద రెండు వారాలుగా ఏ పనీ సమర్పించనివాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందితో టీచర్ కూర్చొని మాట్లాడారు. పిల్లల పేర్లు ఆ పేజీలో వద్దు, అవి సబ్జెక్టు టీచర్ దగ్గర మాత్రమే ఉండాలి. మా దగ్గర ఇప్పుడు ఒక నియమం ఉంది: పిల్లతో టీచర్ ముఖాముఖి మాట్లాడి రెండు ముక్కలు రాసేదాకా జాబితా నుంచి ఇంటికి ఫోన్ వెళ్లదు. మాట్లాడేటప్పుడు 'ఎందుకు లాగిన్ కావట్లేదు' అని అడగొద్దు. 'ఎక్కడ కూర్చొని చదువుతున్నవ్, నోట్‌బుక్ తెస్తవా' అని అడగండి.

మిడ్-1కు ఇంకా సమయం ఉంటే ఈ సోమవారమే మీ చివరి క్విజ్‌లో ఒక్క ప్రశ్న తీసి, ఒక్కో తప్పు ఆప్షన్ ఎంతమంది పెట్టారో, ఎందుకు పెట్టి ఉంటారో కాగితం మీద రాసుకోండి. తరవాత ఆ తప్పు పెట్టినవాళ్లలో ఇద్దరిని పిలిచి 'ఈ లెక్క ఎట్ల చేసినవ్, బోర్డు మీద చూపియ్' అనండి. మీరు రాసుకున్న కారణం వాళ్లు చేసి చూపించినదానితో కలిసిందో లేదో ఇక్కడ రాయండి. కలవకపోతే ఆ ప్రశ్న కూడా పెట్టండి, కలిసి చూద్దాం.